అళగిరి మీసం మీద రాకెట్టు పందెం

తమిళనాడులోని రాజపాళయంలో ఒక నూలు మిల్లు క్యాంటీన్ గోడకు ముప్పై ఒక్క ఫోటోలున్నాయి. అన్నీ రిటైరయిన వాళ్లవి, అన్నిటికీ మీసాలున్నాయి. అలా ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు. ఆ తరం ఫిట్టర్లు, జాబర్లనే మేస్త్రీలు మీసం లేకుండా గేటు దాటి లోపలికి వచ్చేవాళ్లు కాదు, అంతే. ముప్పై ఒకటో ఫోటో తగిలించిన రోజునే ఆర్. అళగిరి స్టూలెక్కి దాని పక్కన ఇంకో మేకు కొట్టుకున్నాడు. చేతులు కడుక్కునే తొట్టికి దూరంగా, ట్యూబ్‌లైటు వెలుగు బాగా పడేచోట. తన రిటైర్మెంటుకు అప్పటికి పద్నాలుగు నెలలుంది. ఈలోగా ఇంకెవరైనా రిటైరైతే ఏం చేస్తావని అడిగితే, "వాళ్ల మేకు వాళ్లు కొట్టుకోవాల" అన్నాడు.

అళగిరిది సత్రపట్టి దగ్గర, ఇంట్లో తెలుగు మాట్లాడే నాయకర్ల కుటుంబం. తండ్రి పత్తి పండించాడు. కొడుకు ఆ పత్తిని దారం చేసే మిషన్లకు నూనె పెట్టాడు. ఇంట్లో దాన్ని ప్రమోషన్ అనే చెప్పుకునేవాళ్లు. ఇరవై మూడో ఏట దారం వడికే రింగ్ ఫ్రేమ్ సెక్షన్లో హెల్పరుగా చేరి, ముప్పై అయిదేళ్లు అదే షెడ్డులో గడిపి సీనియర్ ఫిట్టరయ్యాడు. స్పిండిల్ చప్పుడు విని దాని రోగం చెప్పేవాడు, తొంభై శాతం కరెక్టుగా. ఆ తొంభై శాతమే ఆయన్ని చెడగొట్టింది. షుగరు జబ్బుకు ఏ కూర మంచిది, ఎలక్షన్లో ఎవడు గెలుస్తాడు, రాజపాళయం జాతి కుక్క అసలుదో కాదో ముక్కు చూసి ఎలా చెప్పాలి, అన్నిటికీ క్యాంటీన్లో తీర్పు ఆయనదే. తప్పు చెప్పిన సందర్భాలు బోలెడు. తెలియదన్న సందర్భం మాత్రం ఒక్కటీ లేదు.

మీసం సంగతి చెప్పాలి. రెండు చివర్లూ పైకి తిరిగి, మధ్యలో తేలు ఒంపు. దానికి వారానికి రెండుసార్లు ఆముదం, నెలకోసారి నల్లరంగు. ఫోటోలో ఎలా పడుతుందోనని రిటైర్మెంటు నెల మొదలైనప్పటినుంచి అద్దం ముందు ముఖం అటూ ఇటూ ముప్పావు వంతు తిప్పి చూసుకుంటున్నాడు. ఫోటోకు శుక్రవారం ముహూర్తం పెట్టారు.

దానికి ముందు శనివారం మధ్యాహ్నం క్యాంటీన్ టీవీలో రాకెట్టు ప్రయోగం వచ్చింది. తెర మీద పొగ, మంట, లెక్కపెట్టే గొంతు. అందరూ చెయ్యి పళ్లెంలో పెట్టి తల పైకెత్తారు.

"చూడు, మంట నేలను ఎట్ల కొడతా ఉండాదో," అన్నాడు అళగిరి. "నేలను తన్నుకొని లేస్తాది. మనం గోడ దూకేటప్పుడు లేదా, అట్ల."

"అప్పురం నేల దూరమైపోయినంక?" అని అడిగాడు షిఫ్ట్ సూపర్వైజర్ మహేంద్రన్. ఆయన తమిళుడు. ఇరవై ఏళ్లుగా తెలుగువాళ్ల మధ్య భోంచేసి, తిట్లతో సహా తెలుగు నేర్చుకున్నాడు.

"తర్వాత గాలిని తన్నుతాది సార్."

"గాలి అయిపోయినంక అన్నే?"

అళగిరి సాంబారు కలుపుకుంటూ రెండు ముద్దల సేపు ఆలోచించాడు. "అయిపోయినంక ఇంజను ఆఫ్. వచ్చిన ఊపుతో పోతా ఉంటాది. తన్నేదానికి ఏమీ లేనిచోట ఎట్ల తన్నేది?"

మూల బెంచీ మీదనుంచి ఒక గొంతు వచ్చింది. "లేదు మామా. గాలి లేనిచోటే అది ఇంకా బాగా పనిచేస్తాది."

దర్శిని. టెస్టింగ్ ల్యాబ్ అమ్మాయి, ఇరవై మూడేళ్లు. ఊరి కాలేజీలోనే ఫిజిక్స్ డిగ్రీ చదివింది. దారం ఎంత లాగితే తెగుతుందో చూసి రాసుకోవడం ఆమె ఉద్యోగం. అలవాటైన పనే అన్నట్టు మెల్లగా లాగడం మొదలుపెట్టింది.

"దేన్నీ తన్నక్కర లేదు మామా. తన లోపల ఉండేదాన్ని వెనక్కి విసిరేస్తాది. విసిరినందుకే ముందుకు పోతాది."

"విసిరితే ముందుకు పోతామా! నేను రోజూ తాంబూలం ఊస్తా ఉన్నాను. ఒక్క ఇంచి వెనక్కి పోయింది లేదే?"

"మీ కాలు నేలను పట్టుకొని ఉండాది. పైగా ఉమ్మి చిన్నది, మీరు పెద్దవాళ్లు."

క్యాంటీన్ నవ్వింది. నవ్వింది ఉమ్మికా పెద్దవాళ్లకా అన్నది తేలలేదు గానీ, అళగిరి పళ్లెం పక్కకు జరిపాడు.

ఇక్కడ ఆయన దగ్గర ఒక గట్టి సాక్ష్యం ఉంది. మిల్లులో రింగ్ ఫ్రేముల మీద పంజు, అంటే పత్తి దూది దుమ్ము, గంటగంటకూ పేరుకుంటుంది. ఎయిర్ హోస్ పెట్టి కంప్రెసర్ గాలితో ఊదాలి. గాలి వదిలిన క్షణం గొట్టం చేతిని వెనక్కి తోస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజు అళగిరి పాఠం అదే. "గట్టిగా పట్టుకో. గాలి ఫ్రేమును కొట్టి తిరిగొచ్చి నీ చేతిని తోస్తాది." ముప్పై అయిదేళ్లలో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఎవరూ కాదనలేదు. గొట్టం ఎప్పుడూ ఫ్రేము వైపే పెట్టేవాళ్లు మరి. ఇంకెటు పెడతారు?

"ఫ్రేము లేకున్నా తోస్తాది మామా," అంది దర్శిని.

"నువ్వు హోస్ పట్టినావా ఎప్పుడైనా?"

"లేదు."

"నేను నువ్వు పుట్టకముందునుంచి పట్టినాను."

"అంతకాలం పట్టి ఒక్కసారి కూడా పక్కకు తిప్పి చూడలేదా?"

ఇది ల్యాబ్ అమ్మాయి సీనియర్ ఫిట్టరును అడగాల్సిన మాట కాదు. ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాళ్లు ఆగారు. అళగిరి లేచి నిలబడి, అలవాటు ప్రకారం కుడిచేతి బొటనవేలితో మీసం చివర తిప్పాడు. చెయ్యి దానిమీద ఉండటం వల్ల కాబోలు, నోట్లోంచి అదే వచ్చింది.

"ఏమీ తన్నకుండా బండి కదులుతాదని చూపించు. నా మీసం తీసేస్తాను."

"ఎప్పుడు?"

"కదిలిన రోజే."

"అయితే గురువారం మధ్యాహ్నం, ప్యాకింగ్ సెక్షన్లో. నేను ఓడితే?"

"ఓడితే నా ఫోటోకు నువ్వు మాల వెయ్యాల, ప్రతి సోమవారం."

"మామా, మాల వేసేది పోయినవాళ్లకు."

"సరి. అప్పుడు తుడువు. సోమవారం సోమవారం పంజు తుడువు."

వడ్డించే చెల్లమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "అన్నే," అంది నెమ్మదిగా, "శుక్రవారం కదా ఫోటో?"

అళగిరి తల తిప్పి ముప్పై రెండో మేకు చూశాడు. నలభైమంది విన్నారు. ఇక చేసేదేం లేదు.

తర్వాత నాలుగు రోజులు ఆయన దర్శినితో మాట్లాడలేదు. ఆమె టీ బెంచీకి వెనక బెంచీలో కూర్చుని పేపరు చదివాడు. పేపరు తలకిందులుగా లేదు గానీ, పేజీ మాత్రం తిరగలేదు. ఎదుట దర్శిని మహేంద్రన్‌కు రాకెట్టు పైకి వెళ్లి ఎందుకు కింద పడదో చెబుతోంది.

"పడతానే ఉంటాది సార్. మన ఊరి సంజీవి కొండ మీదనుంచి రాయి విసరండి. కొంచెం ముందుకు పోయి పడతాది. ఇంకా బలంగా విసిరితే ఇంకా దూరం. భూమి గుండ్రం కదా. సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో అడ్డంగా విసిరితే, రాయి ఎంత కిందికి దిగుతాదో నేలా అంతే ఒంగిపోతాది. పడతా ఉంటాది, నేల అందదు. అందుకే రాకెట్టు నేరుగా పైకి పోయేది కొంచెంసేపే. తర్వాత ఒంగి అడ్డంగా పరుగెత్తుతాది. పైకి పోవడం సులభం, ఆ అడ్డం వేగమే కష్టం."

"సెకనుకు ఎనిమిదంటే..." మహేంద్రన్ వేళ్లు మడిచాడు. "ఇక్కడినుంచి మధురైకి పదకొండు సెకన్లా? మన బస్సు కల్లుపట్టిలో టీకి ఆపితేనే ఇరవై నిమిషాలు!"

వెనక బెంచీలో పేపరు కిందికి దిగింది. "అంటే పైన తిరిగేది ఎగరతా లేదు. పడటం చేతగాక తిరగతా ఉండాది."

"అంతే మామా!" దర్శిని వెనక్కి తిరిగింది.

పేపరు మళ్లీ పైకి లేచింది.

బుధవారం పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు అళగిరి ఎయిర్ హోస్ భుజానికి చుట్టుకుని కంప్రెసర్ షెడ్డు వెనక్కి వెళ్లాడు. అక్కడ ఖాళీ స్థలం, ముళ్లకంప కంచె, దూరంగా కొండలు. ముందు గొట్టాన్ని షెడ్డు గోడకు జానెడు దూరంలో పెట్టి గాలి వదిలాడు. తోసింది. రెండడుగులు వెనక్కి జరిగి వదిలాడు. అంతే తోసింది. తర్వాత కొండలవైపు తిప్పాడు. అటువైపు కొట్టి తిరిగి రావడానికి ఏదైనా ఉందంటే అది ఆ కొండల అవతల కేరళలోనే ఉండాలి. కళ్లు మూసుకుని వదిలాడు.

అంతే తోసింది.

నాలుగుసార్లు చేశాడు. ఎదురుగా ఖాళీలోనూ గాలి ఉంది కదా, గొట్టం దాన్నే తన్నుతోందేమోనని అయిదోసారి చేశాడు. గోడకు దగ్గరగా ఉన్నా, కేరళకు చూపినా చేతికి తేడా తెలియలేదు. ముప్పై అయిదేళ్లు ఆ చేతులే పట్టుకున్నాయి కాబట్టి, చేతులు అబద్ధం చెప్తున్నాయనే దారి కూడా లేదు.

గొట్టం చుట్టి యథాస్థానంలో పెట్టి, గేటు బయటికొచ్చి ఫోటో స్టూడియో ఆరోక్కియరాజ్‌కు ఫోన్ చేశాడు.

"తంబీ, ఫోటో ఈరోజే తీసేద్దామా? శుక్రవారం వెలుతురు బాగుండదంట."

"అణ్ణాచ్చి, నేను మంసాపురంలో చెవులు కుట్టే ఫంక్షన్లో ఉన్నాను. రేపూ ఇక్కడే. శుక్రవారం పొద్దున తొమ్మిదికి వచ్చేస్తాను. వెలుతురు నేనే తెస్తాను, లైటు ఉండాది."

సాయంత్రం ఇంటికొచ్చి భార్య రంగమ్మాళ్‌కు సంగతి చెప్పాడు. ఆమె అప్పటికే మూడు నోళ్ల ద్వారా విని ఉంది.

"జ్వరమని చెప్పి పడుకో," అంది ఆమె. "గురువారం పోతే మీసం పోతాది. శుక్రవారం జ్వరం తగ్గుతాది."

"పోకపోతే మీసం ఉంటాది. అది పెట్టుకొని ఎట్ల కూర్చొని తినేది అక్కడ?"

"ఇంకో వారమే కదా తినేది."

"ఫోటో రోజూ ఉంటాది కదా రంగా. దానికింద కూర్చొని తినేవాళ్లు నవ్వతా ఉంటారు, జ్వరమొచ్చిన మీసం అని."

రంగమ్మాళ్ ఆయన మీసం వైపు చూసింది. పెళ్లయి ముప్పై మూడేళ్లు. "దానికింద ఏముండాదో నాకూ తెలవదు," అంది. "ఇప్పుడు చూడాల్సి వస్తాదని అనుకోలేదు."

గురువారం మధ్యాహ్నం ప్యాకింగ్ సెక్షన్లో సగం మిల్లు చేరింది. నున్నటి నేల. మధ్యలో చక్రాల బండి, దారం చుట్టిన కోన్ల బస్తాలు తోసుకెళ్లేది. కిర్రుమనే చక్రం అళగిరి చెవికి పడదు. వారం కిందటే ఆ నాలుగు చక్రాలకూ స్వయంగా గ్రీజు పెట్టాడు. ఇప్పుడది వేలితో తోసినా జరుగుతోంది. తనను ఓడించే బండిని తనే తయారుచేసి పెట్టానని అప్పుడు తెలిసింది ఆయనకు.

బండి మీద ఎనిమిది గోనె సంచులున్నాయి, ఒక్కోదాంట్లో పది కిలోల వేస్టు దారం. మంచి కోన్లు ఇవ్వనని మహేంద్రన్ ముందే చెప్పేశాడు. దర్శిని సుద్దముక్కతో ముందు చక్రం దగ్గర గీత గీసింది. అళగిరి ఎక్కి కాళ్లు మడిచి కూర్చున్నాడు.

"ముందు మీ లెక్క ప్రకారం చేద్దాం మామా. గాలిని తన్నండి."

విప్పదీసిన పెద్ద అట్టపెట్టె చేతికిచ్చింది. అళగిరి దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగి గాలిని ఒక్క తోపు తోశాడు. బండి ఊగింది. మళ్లీ తోశాడు. మూడోసారి పళ్లు బిగించి తోశాడు. చక్రం గీతమీదే ఉంది.

"అన్నే, గాలికి ఇంకొంచెం కోపం తెప్పియ్యి!" అని ఎవరో అరిచారు.

"ఇప్పుడు సంచి. వెనక్కి, బలంగా."

అళగిరి మొదటి సంచి ఎదకు ఎత్తి రెండు చేతులా వెనక్కి విసిరాడు. సంచి గాల్లో ఉంది. ఇంకా నేల తాకలేదు, గోడ తాకలేదు, దేన్నీ తాకలేదు. బండి అప్పటికే కదిలింది. గీతకు బెత్తెడు ముందుకు వెళ్లి ఆగింది. తర్వాత సంచి ధబ్బున పడింది.

పందెం అక్కడితో అయిపోయింది, దర్శిని కూడా సుద్దముక్క జేబులో వేసుకుంది. అళగిరి మాత్రం దిగలేదు. రెండో సంచి తీశాడు. మూడోది. ప్రతి విసురుకూ బండి ముందుకు జరిగింది. అయిదోదానికి జానెడు. ఎనిమిదో సంచి విసిరేసరికి బండి ఒక్క ఊపున అడుగు పైనే జరిగి, చప్పట్లు కొడుతున్న ఇద్దరి కాళ్ల దాకా వచ్చింది.

"కడాపటి దానికి నాకు బలం తగ్గింది," అన్నాడు అళగిరి ఆయాసపడుతూ. "అయినా ఎక్కువ దూరం పోయింది. ఎందుకు?"

ముప్పై అయిదేళ్లలో ఆ మనిషి తెలియక అడగగా అక్కడివాళ్లు విన్న మొదటి ప్రశ్న అది. మహేంద్రన్ తర్వాత ఆ తేదీ గుర్తుపెట్టుకోవాల్సిందని వాపోయాడు.

"మొదటి సంచి విసిరినప్పుడు మిగతా ఏడింటినీ మోసుకొని కదలాల మామా. కడాపటికి మీరూ బండీ మాత్రమే. రాకెట్టూ అంతే. బయలుదేరేటప్పుడు దాని బరువులో పదింట తొమ్మిది వంతులు ఈ సంచులే, అంటే కాలి వెనక్కి పోయే సరుకు. విసిరేకొద్దీ తేలికవుతాది, తేలికయ్యేకొద్దీ వేగం. ఖాళీ అయిన ట్యాంకును కూడా మోయదు, వదిలేస్తాది."

"అన్నం తిన్నంక టిఫిన్ క్యారియర్ పారేసినట్ల."

"అట్లే."

"ఖర్చు గల పని," అన్నాడు అళగిరి. తర్వాత బండి దిగి, తుండుతో మొహం తుడుచుకుని, అందరూ వినేలా చెప్పాడు. "నిన్న షెడ్డు వెనక హోస్ తిప్పి చూసినాను. ఫ్రేము లేకున్నా తోస్తాది. ఇన్నాళ్లు నేను చెప్పినది తప్పు. కొత్తవాళ్లకు మార్చి చెప్పండి."

దర్శిని నోరు తెరిచింది. "నిన్నే తెలుసా? తెలిసీ ఎందుకు ఎక్కినారు?"

"బండి ఎంత దూరం పోతాదో చూద్దామని."

సాయంత్రం బస్టాండు దగ్గర సెలూన్లో మీసం తీయించాడు. మంగలి రెండుసార్లు అడిగి, మూడోసారి ఇంటికి ఫోన్ చేయమంటారా అని అడిగి, అప్పుడు కత్తి పెట్టాడు. ముఖమంతా ఎండకు నల్లబడి, మీసం ఉన్నచోట మాత్రం చిన్నపిల్లాడి చర్మంలా తెల్లటి పట్టీ మిగిలింది. ఇంటి గేటు తీస్తే తాను పెంచుకునే తెల్లకుక్కే మొరిగింది. దీపావళికి శివకాశి సరుకు వీధంతా పేలినా తోక కదపని కుక్క అది. రంగమ్మాళ్ బయటికొచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. లోపలినుంచి చాలాసేపు నవ్వు వినిపించింది.

శుక్రవారం తొమ్మిదికి ఆరోక్కియరాజ్ కెమెరా బిగించి, అద్దంలోంచి చూసి, తల పైకెత్తాడు.

"అణ్ణాచ్చి రాలేదా?"

"నేనే."

ఫోటోగ్రాఫరు కెమెరా వదిలి దగ్గరికొచ్చి చూశాడు. "ఏం పరవాలేదు అణ్ణాచ్చి. కంప్యూటర్లో మీసం పెట్టేస్తాను. పాత ఫోటో ఒకటి ఇయ్యండి, అచ్చం అదే పెడతాను. ఎవరికీ తెలియదు."

"నలభైమందికి తెలుసు," అన్నాడు అళగిరి. "తియ్యి."

అలా క్యాంటీన్ గోడమీద ముప్పై ఒక్క మీసాల పక్కన ఒక బోడిమూతి చేరింది. కింద చీటీ: ఆర్. అళగిరి, సీనియర్ ఫిట్టర్. మొదటివారం దాన్ని చూసి నవ్వనివాడు లేడు. రెండోవారానికి అలవాటైపోయింది. కొత్తగా చేరినవాళ్లు అది ఎవరో ఆఫీసరుది అనుకున్నారు.

నెల తర్వాత పీఎఫ్ కాగితాల మీద సంతకానికి అళగిరి మిల్లుకు వచ్చాడు. మీసం మొలిచింది గానీ ఇంకా బ్రష్షులా ఉంది. టీకి క్యాంటీన్లోకి వెళ్లి, తన పాత చోట కూర్చుని తలెత్తాడు.

అందరి బట్టలమీదా వచ్చే పంజు క్యాంటీన్ గోడలకూ పడుతుంది. ముప్పై ఒక్క ఫోటోల అద్దాలూ బూడిద పూసినట్టున్నాయి. ముప్పై రెండోది మాత్రం తళతళలాడుతోంది. నుదురు, బుగ్గలు, చొక్కా గుండీలు, అన్నీ శుభ్రంగా తుడిచి ఉన్నాయి. ముక్కు కింద వేలెడు వెడల్పున ఒక్కచోట తుడవలేదు. నెలరోజుల పంజు అక్కడ మందంగా పేరుకుని, రెండు చివర్లూ పైకి తిరిగి, మధ్యలో తేలు ఒంపుతో నిలబడి ఉంది. రంగు ఒక్కటే తేడా, తెలుపు.

"ఎవరు చేసేది ఇది?"

"ల్యాబ్ పాప," అంది చెల్లమ్మ టీ గ్లాసు పెడుతూ. "సోమవారం సోమవారం వస్తాది. స్టూలెక్కి, గుడ్డ వేలికి చుట్టుకొని తుడుస్తాది. గెలిచినదానివి, నీకేం పని అంటే, నవ్వి పోతాది. బాగలేదా అన్నే? తుడిచేసేదా?"

అళగిరి లేచి ఫోటో దగ్గరికి వెళ్లాడు. కుడిచెయ్యి దానంతట అది పైకి లేచి, బొటనవేలు అద్దం మీది మీసం చివరిదాకా వచ్చి, అర అంగుళం దూరంలో ఆగింది.

"తుడవద్దు," అన్నాడు. "ఎయిర్ హోస్ మాత్రం ఈ పక్కకు తీసుకురావద్దని చెప్పు."